మూడు నెలల గడువు

ఏప్రిల్ 10, 2025, గురువారం

కోర్టుకు వెళ్తుంటే రైల్వే గేటు పడింది. నా స్కూటీ పక్కనే ఒంటెద్దు బండి, నిండా ఇటుకలు. ఎద్దు మెడ మీద, సరిగ్గా కాడి ఆనే చోట, అరచెయ్యంత పుండు. ఎవరో పసుపూ ఆముదమూ కలిపి మెత్తారు. అది చెమటకు కరిగి గంగడోలు మీదుగా చారలు కట్టింది. ఈగలు ముసురుతున్నాయి. వాటిని తోలుకుందామని ఎద్దు తల విదిలించింది. విదిలిస్తే కాడి కదిలి పుండునే రాస్తోంది. రెండోసారి విదిలించి, ఇక మానుకుంది. కళ్ళు సగం మూసి అలాగే నిలబడింది.

గేటు లేచాక బండి తోలే ముసలాయన కర్ర ఎత్తలేదు. వెనక చెయ్యి వేసి "పద నాయనా" అన్నాడంతే.

పదకొండింటికి నా వాయిదా. వాదిస్తున్నంతసేపూ ఆ రెండు విదిలింపులే కళ్ళ ముందున్నాయి.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఇరవై మూడేళ్లుగా ప్రాక్టీసు. భాగ పంపకాలు, ప్రోనోట్లు, చెక్కు కేసులు. జంతు హింస నిరోధక చట్టం పుస్తకం బీరువాలో ఉందిగానీ ఇవాళే మొదటిసారి విప్పాను. 1960 నాటి 59వ చట్టం. పదకొండో సెక్షన్‌లో ఏది హింసో వరసగా రాశారు. కొట్టడం, తన్నడం, మోయలేని బరువు వెయ్యడం. పుండుతోనో జబ్బుతోనో ముసలితనంతోనో ఉన్న పశువును పనిలో పెట్టడం. కదల్లేని పంజరంలో ఉంచడం. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టెయ్యడం. తిండి, నీళ్ళు, నీడ ఇవ్వకపోవడం. తగిన కారణం లేకుండా రోడ్డున వదిలెయ్యడం.

ఇన్ని రాసి, చివర శిక్ష: మొదటి తప్పుకు 10 నుంచి 50 రూపాయల జరిమానా. మూడేళ్ల లోపు మళ్ళీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. అరవై అయిదేళ్లలో ఆ గరిష్ఠ అంకెలు మారలేదు. 2022లో కేంద్రం ఒక సవరణ ముసాయిదా పెట్టి జనం అభిప్రాయాలు అడిగింది. అది చట్టం కాలేదు.

మా గుమాస్తా నా భుజం మీదుగా చదివి, "యాభై రూపాయలకు ఎవురు భయపడతారు మేడమ్?" అన్నాడు. నిజమే అనిపించింది.

ఏప్రిల్ 13, ఆదివారం

ఈ చట్టం వెనక రుక్మిణీదేవి అరండేల్ ఉన్నారు. కళాక్షేత్ర పెట్టి భరతనాట్యానికి గౌరవం తెచ్చిన మనిషిగానే మనకు తెలుసు. 1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యాక, మూగజీవాల కోసం ఆమె సొంతంగా బిల్లు ప్రవేశపెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాట ఇస్తే తన బిల్లు ఉపసంహరించుకున్నారు. ఆ మాట నెరవేరడానికి 1960 దాకా పట్టింది. 1962లో మద్రాసులో జంతు సంక్షేమ మండలి పెడితే తొలి అధ్యక్షురాలు ఆవిడే.

అంతకుముందు మనకున్నది 1890 నాటి బ్రిటిష్ చట్టం. కొత్త చట్టంలో నాకు నచ్చింది మూడో సెక్షన్. ఒక జీవి ఎవరి సంరక్షణలో ఉంటే, దాని బాగోగులు చూడటం, దానికి అనవసరమైన బాధ కలగకుండా కాపాడటం వారి విధి అంటుంది. విధి అనే మాట జరిమానా కంటే ముందు వచ్చింది. పుస్తకంలో ఆ సెక్షన్ కింద గీత గీశాను.

ఏప్రిల్ 16, బుధవారం

ఎండ నలభై రెండు దాటింది. రెంటచింతల మాకెంతో దూరం కాదు. ఏటా పేపర్లో ఆ ఊరి పేరే ముందుంటుంది.

బండి లాగే పశువులకు 1965లో విడిగా నిబంధనలు చేశారని ఇవాళ చూశాను. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. మధ్యలో విశ్రాంతి లేకుండా అయిదు గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు మించే చోట పన్నెండు నుంచి మూడు దాకా బండి కట్టకూడదు. మొనదేలిన ముల్లుకర్ర వాడకూడదు. గాడిద మీద 50 కిలోలకు మించి వెయ్యకూడదు. ఎద్దు సైజును బట్టి, చక్రం రకాన్ని బట్టి బరువు లెక్కలు కూడా ఇచ్చారు.

ఇది రాసినవాళ్ళు పశువు పక్కన నిలబడి రాశారు. పల్నాడులో ఎండాకాలం చాలా రోజులు ఈ 37 డిగ్రీల నిబంధన వర్తిస్తుంది. ఇవాళ పన్నెండున్నరకు కోర్టు కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద మూడు బండ్లు వెళ్తున్నాయి.

ఏప్రిల్ 19, శనివారం

ఊరి బయట ఇటుకల బట్టీ దగ్గర ఆ ముసలాయన దొరికాడు. ఎద్దును చింతచెట్టు కింద కట్టి కుడితి పెడుతున్నాడు. చట్టం సంగతి ఎత్తకుండా పుండు గురించి అడిగాను.

"పుండు నాకు తెలవదా వకీలమ్మా? మానిందాకా కట్టేద్దామనే ఉంటది. కట్టేస్తే దానికి మేత ఎవురేస్తారు, నాకు కూడు ఎవురేస్తారు?" అన్నాడు.

ట్రిప్పుకు ఇంతని బట్టీ యజమాని ఇస్తాడట. రోజుకు ఆరు ట్రిప్పులు తోలకపోతే మర్నాడు ఇంకో బండి పెట్టుకుంటాడట. పుండు అయి ఇరవై రోజులు. కాడి ఒక పక్కకు అరిగి, ఒరుసుకుని పుట్టిందని ఆయనే చూపించాడు. వేలితో పుండు చుట్టూ తడుముతుంటే ఎద్దు కదలకుండా నిలబడింది. ఆ చెయ్యి దానికి అలవాటు.

సెక్షన్ మళ్ళీ చదివాను. పుండున్న పశువును పనిలో పెట్టడం నేరం అంటుంది. పశువు యజమాని ఒప్పుకుని పంపినా నేరమే. అంటే ముసలాయన ఒక్కడే కాదు, అదే ఎద్దుతో ఆరు ట్రిప్పులు తోలించుకునే బట్టీ ఆసామీ కూడా ఇందులోకి వస్తాడు.

ఏప్రిల్ 22, మంగళవారం

1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం బట్టీ దగ్గరికే వచ్చింది. జంతు సంక్షేమ మండలి పుట్టిన ఏడాదీ ఇదే అంకె. కాకతాళీయమే అయినా నాకు గుర్తుండిపోతుంది.

డాక్టరు కుర్రాడు ఓపికగా కడిగి, చచ్చిన చర్మం తీసి, మందు వేసి, ఇంజెక్షన్ ఇచ్చాడు. "మూడు వారాలు కాడి తగలకూడదు. తగిలితే ఈ మందంతా వృథా" అన్నాడు.

బట్టీ ఆసామీతో నేనే మాట్లాడాను. సెక్షన్ చూపించాను. మొదట విసుక్కున్నాడు. తన పేరూ కాగితం మీదికి వస్తుందని అర్థమయ్యాక కాసేపు ఆలోచించి, మూడు వారాలు ముసలాయన్ను బట్టీలోనే పచ్చి ఇటుకలు తిప్పే పనికి పెట్టుకుంటానన్నాడు. కూలి తగ్గించకూడదన్నాను. సరేనన్నాడు. కాడిని వడ్రంగి దగ్గరికి పంపాం.

కేసు పెట్టలేదు. ఇక్కడ ఎద్దుకు కావలసింది విశ్రాంతి. అది దొరికింది.

ఏప్రిల్ 27, ఆదివారం

బట్టలు ఆరెయ్యడానికి మేడెక్కితే పక్క అపార్ట్‌మెంట్ డాబా మీద కుక్క. లాబ్రడార్. నీళ్ళ ట్యాంకు పైపుకు కట్టిన గొలుసు చుట్లు తిరిగి తిరిగి రెండడుగులు మిగిలింది. ఆ రెండడుగుల మేర దుమ్ములో చంద్రవంకలా అరిగిన గుర్తు. సత్తు గిన్నె బోర్లా పడి ఉంది. మధ్యాహ్నం రెండు గంటలు. నీడ లేదు. అది మొరగలేదు, నాలుక బయటపెట్టి నా వంక చూసింది.

పిట్టగోడ మీదుగా చెంబుతో నీళ్ళు చల్లాను. గిన్నెలో పడలేదు, సిమెంటు మీద పడ్డాయి. అది ఆ తడి సిమెంటును నాకింది. నీళ్ళు ఆవిరయ్యేదాకా నాకింది. రెండో చెంబు దాని ముఖం మీదికే పోశాను.

ఫోటోలు తీశాను, టైము పడేలా. పిల్లలకు సెలవులిచ్చారని ఆ ఇంటివాళ్ళు గురువారమే ఊరెళ్ళారట.

ఏప్రిల్ 28, సోమవారం

స్టేషన్లో ఎస్సై మర్యాదగానే విన్నాడు. "నాన్ కాగ్నిజబుల్ మేడమ్, మేం ఎఫ్ఐఆర్ కట్టలేం" అన్నాడు. తప్పు చెప్పలేదు. పదకొండో సెక్షన్‌లో పోలీసులు నేరుగా కేసు కట్టగలిగేవి కొన్నే. అవయవాలు నరకడం, క్రూరంగా చంపడం లాంటివి, జంతువుల పోట్లాటలకు చోటు నడపడం లాంటివి. కొట్టినా, మాడ్చినా, కట్టేసి ఎండలో వదిలేసినా స్టేషన్ డైరీలో రాసుకుని మేజిస్ట్రేటు అనుమతి తెచ్చుకోవాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 174వ సెక్షన్.

"మరి జంతు హింస చట్టంలో ముప్పై నాలుగు?" అన్నాను. కానిస్టేబుల్ పై హోదా ఉన్న ఏ పోలీసు అయినా, నేరం జరుగుతోందని నమ్మితే ఆ జంతువును స్వాధీనం చేసుకుని పశువైద్యుడికో మేజిస్ట్రేటుకో చూపించవచ్చు. పుస్తకం ఆయన చేతికిచ్చాను. రెండుసార్లు చదివాడు. "ఇది ఎవరూ మాకు చెప్పలేదు మేడమ్" అని లేచి టోపీ పెట్టుకున్నాడు.

సాయంత్రానికి కుక్క పశువుల ఆసుపత్రిలో ఉంది. పాదాల కింద చర్మం కాలి ఊడింది. డాక్టరు రాసిచ్చిన కాగితం రెండు కాపీలు తీసుకున్నాను.

మే 2, శుక్రవారం

మేజిస్ట్రేటు గారు కేసు తేలేదాకా కుక్కను నా దగ్గర ఉంచుకోమన్నారు. పేరు బ్రూనోట. అత్తయ్య దానికి పెరుగన్నం కలిపి పెడుతుంది. గిన్నె ఖాళీ అయినా దాన్ని వదలదు, పంజా వేసి పట్టుకుంటుంది.

ఆ కుక్క ఇంటాయన ఫోన్ చేశాడు. "వాచ్‌మన్‌కు డబ్బులిచ్చి చెప్పే వెళ్ళాం మేడమ్. వాడు చూడకపోతే మా తప్పా?" అన్నాడు. ఈ మాట వస్తుందని చట్టం రాసినవాళ్ళకు ముందే తెలుసు. తగిన శ్రద్ధ, పర్యవేక్షణ చూపని యజమాని కూడా నేరం చేసినట్టే లెక్క. పదకొండులోనే రెండో ఉపసెక్షన్. కొట్టడం కంటికి కనపడుతుంది. పట్టించుకోకపోవడం కనపడదు, తలుపులు మూసి ఊరెళ్ళిపోతుంది. చట్టం ఆ రెండిటినీ ఒక్క చోటే పెట్టింది.

మే 9, శుక్రవారం

బార్ గదిలో ఒక సీనియర్ అన్నారు: "మనుషులకే దిక్కులేదమ్మా, కుక్కకు కేసా?"

ఇంటికొచ్చాక కూడా ఆలోచించాను. బట్టీ దగ్గర ఎద్దు మెడ పుండుకూ, ముసలాయన ఆరు ట్రిప్పులకూ కారణం ఒకటే. ఎద్దుకు మూడు వారాల విశ్రాంతి అడిగితేనే ముసలాయనకు మూడు వారాల నీడ దొరికింది. ఒకరికి చేసిన న్యాయం ఇంకొకరి వాటా తగ్గించలేదు. రేపు ఆ సీనియర్‌కు ఈ మాటే చెప్తాను.

మే 18, ఆదివారం

పల్నాడులో ఎడ్ల బండలాగుడు పందేలకు పేరు. మా నాన్న ఒంగోలు గిత్తల్ని చూడటానికి నన్ను భుజం మీద ఎక్కించుకు వెళ్ళేవాడు. ఆ మూపురాల అందం ఇప్పటికీ మరిచిపోలేదు. కొరడా చప్పుడూ మరిచిపోలేదు.

2014 మే 7న సుప్రీంకోర్టులో జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ ధర్మాసనం జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను ఆపుతూ ఇచ్చిన తీర్పు మళ్ళీ చదివాను. జంతువుకు అయిదు స్వేచ్ఛలు ఉండాలంది: ఆకలిదప్పులు లేకుండా, అసౌకర్యం లేకుండా, నొప్పీ గాయం జబ్బూ లేకుండా, భయం లేకుండా, తన సహజ స్వభావంతో బతికే వీలుతో. జీవుల పట్ల దయ పౌరుడి ప్రాథమిక విధి అని రాజ్యాంగంలో ఉన్న 51ఎ(జి)ని దీనికి జోడించింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలు సవరించుకున్నాయి. 2023లో సరిగ్గా ఇదే రోజున రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయంది.

పందెం ఉండాలా వద్దా అన్న వాదన నడుస్తూనే ఉంటుంది. ఆ అయిదు స్వేచ్ఛలు మాత్రం పందెం లేని రోజున, కొట్టంలో కట్టేసిన పశువుకూ కావాలి.

మే 25, ఆదివారం

సంత దగ్గర చిలక జోస్యం. రెక్కలు కత్తిరించిన రామచిలుక పంజరంలోంచి వచ్చి కార్డు తీసి మళ్ళీ లోపలికి పోతుంది. తలుపు తెరిచే ఉన్నా అదే పోతుంది.

రామచిలుకను పెంచుకోవడం, అమ్మడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అడవి పక్షి కాబట్టి అంత రక్షణ. ఇంటి కుక్కకూ బండి ఎద్దుకూ యాభై రూపాయలు. మనతో ఉన్నందుకు వాటి విలువ తగ్గింది.

ఇంటి పశువునైనా చంపితే, అవిటిదాన్ని చేస్తే భారతీయ న్యాయ సంహిత 325 కింద అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. పాత శిక్షాస్మృతి కుక్క లాంటి జంతువైతే దాని ఖరీదు పది రూపాయలా యాభై రూపాయలా అని అడిగేది. 2024 జూలై 1 నుంచి ఆ ప్రశ్న పోయింది. ఒక మెట్టు ఎక్కాం.

జూన్ 11, బుధవారం, ఏరువాక పున్నమి

పొద్దున్నే బట్టీ వైపు వెళ్ళాను. ముసలాయన ఎద్దును కడిగి, కొమ్ములకు రంగు వేసి, మెడలో గంటలు కట్టి, పొంగలి ముద్ద చేత్తో తినిపిస్తున్నాడు. పుండు మానింది. ఆ చోట మొలిచిన వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి. సరిచేసిన కాడికి గోనె చుట్టి, లోపల గుడ్డ మెత్త కుట్టించాడు. "ఇదివరకే తోచలేదు వకీలమ్మా" అన్నాడు.

ఈ ఒక్కరోజు నాగలి పట్టని ఊళ్ళోనూ ఎద్దుకు దణ్ణం పెడతారు. చట్టం మనకు బయటినుంచి వచ్చిందనేవాళ్ళు ఏరువాక నాడు ఒక కొట్టంలో నిలబడాలి. మూడో సెక్షన్ చెప్పిన విధి మనం పండగగా చేసుకుంటున్నదే. మిగతా రోజులకు కూడా అది గుర్తుండాలని చట్టం అడుగుతోంది.

జూన్ 15, ఆదివారం

పక్కింటాయన వచ్చాడు. కోపంగా లేడు, తొందరగా ఉన్నాడు. "నేనూ చదివాను మేడమ్. యాభై రూపాయలే కదా. ఇప్పుడే కట్టేస్తాను, కుక్కను ఇచ్చెయ్యండి" అన్నాడు. జేబులోంచి నోటు తీశాడు కూడా.

బ్రూనో అతని గొంతు విని తోక ఊపింది. అక్కడే ఒక క్షణం నా మనసు మెత్తబడింది. దానికి అతని మీద కోపం లేదు. కానీ దాని పాదాలకు కొత్త చర్మం ఇంకా గులాబీ రంగులోనే ఉంది.

మెల్లగా చెప్పాను. జరిమానా కోర్టు చెప్తేనే కట్టాలి. నేరం రుజువైతే, మళ్ళీ ఇలాగే జరుగుతుందని కోర్టుకు అనిపిస్తే, ఇరవై తొమ్మిదో సెక్షన్ కింద మీ యాజమాన్యం తీసెయ్యవచ్చు. వైద్యానికి, పోషణకు అయిన ఖర్చు ముప్పై అయిదు కింద మీ నుంచి ఇప్పించవచ్చు.

నోటు జేబులో పెట్టుకున్నాడు. ఇన్నేళ్లూ ఈ పుస్తకాన్ని విప్పకుండా బీరువాలో పెట్టాను నేను. దాని బలం జరిమానాలో లేదు. జంతువును ఎవరి చేతిలో ఉంచాలో తేల్చే సెక్షన్లలో ఉంది.

జూన్ 29, ఆదివారం

గుమాస్తాది భీమవరం వైపు. సంక్రాంతి కోడిపందేల బరుల గురించి అడిగాను. డేగ, కాకి, నెమలి అని రంగును బట్టి పేర్లు చెప్పాడు. కాలికి కట్టే కత్తి గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించాడు. ఓడిన పుంజును నెత్తుటితోనే సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళిన రోజు తనకు తొమ్మిదేళ్ళట. ఆ రాత్రి అన్నం తినలేదట.

కోడిపందేల మీద 2016 డిసెంబరులో హైకోర్టు గట్టిగా చెప్పింది. బరి నడపడం మేజిస్ట్రేటు అనుమతి అక్కర్లేకుండా పోలీసులే కేసు కట్టగల నేరం. అయినా సంక్రాంతి మూడు రోజులూ దారులన్నీ బరుల వైపే వెళ్తాయి.

జూలై 14, సోమవారం

ముప్పై ఆరో సెక్షన్ గోడ మీద రాసి పెట్టుకున్నాను. నేరం జరిగిన మూడు నెలల్లోపు కేసు కోర్టు ముందుకు రావాలి. దాటితే ఇక లేదు. నేను ఫోటో తీసింది ఏప్రిల్ 27న. స్టేషన్ నుంచి చార్జిషీటు రాలేదు. బందోబస్తు, బదిలీలు, వీఐపీలు. వాళ్ళ ఇబ్బందీ నాకు తెలుసు. ఇంకా పదమూడు రోజులు.

అపార్ట్‌మెంట్లో సాక్ష్యానికి అడిగితే అందరూ చూశారు, ఎవరూ రారు. "రోజూ ముఖాలు చూసుకోవాలి కదమ్మా" అన్నారు. రెండో అంతస్తులో ఒక ఇల్లాలు తలుపు వేసి, మళ్ళీ తీసింది. "మా పాప ఆ రోజులన్నీ నన్ను అడుగుతూనే ఉంది ఆంటీ, కుక్క ఎందుకు ఏడుస్తోందని. నేనే డాబా మీదికి వెళ్ళొద్దన్నాను. సంతకం పెడతాను" అంది.

జూలై 21, సోమవారం

నేనే ప్రైవేటు కంప్లయింట్ వేశాను. ఫోటోలు, డాక్టరు కాగితం, ఆ ఇల్లాలి పేరు. మేజిస్ట్రేటు గారు నంబరు వేయించారు. గడువుకు ఇంకా ఆరు రోజులున్నాయి.

ఇరవై మూడేళ్లలో ఎన్నో దావాలు వేశాను. ఫీజు రాని ఈ ఒక్కదానికే చేతులు వణికాయి.

జూలై 25, శుక్రవారం

వాయిదా ఆగస్టుకు పడింది. యాభై రూపాయలే పడవచ్చు. పడనీ. ఆ యాభై కోసం ఒక మనిషి బోనెక్కి, రెండడుగుల గొలుసు గురించి జవాబు చెప్తాడు.

సాయంత్రం వాన. మేడ మీద నీళ్ళు నిలిచాయి. బ్రూనో కొత్త పాదాలతో వాటిలో నిలబడి, తల వంచి తాగుతోంది. పక్కనే గిన్నె నిండా నీళ్ళున్నాయి. అయినా సిమెంటు మీదివే తాగుతోంది. అత్తయ్య గొడుగు పట్టుకుని, అది తాగడం అయ్యేదాకా నిలబడింది.